చలిదేశపు కారులో వేన్నీళ్ళ పొయ్యి

మార్గశిర మాసం వచ్చేసరికి మన ఇళ్ళలో కొబ్బరినూనె సీసాలో పేరుకుపోతుంది. తలకు రాసుకుందామని సీసా వంచితే ఒక్క చుక్కైనా రాదు. అప్పుడు అమ్మ ఏం చేస్తుంది? సీసాను కాసేపు ఎండలోనో, వేడినీళ్ళ గిన్నెలోనో పెడుతుంది. గడ్డకట్టినది కరిగి మళ్ళీ నూనె అవుతుంది. పిల్లలూ, ఈ చిన్న సంగతిని గుర్తుంచుకోండి. ఇవాళ మనం చెప్పుకోబోయే యంత్రానికి ఇదే మొదటి మెట్టు.

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే పేరుకోవటం మొదలుపెడుతుంది. అది మనకు చలి అని కూడా అనిపించదు. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో కొన్ని శీతాకాలపు రాత్రులు వేడిమి సున్న డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. ఆ చలిని చూడటానికి మనవాళ్ళు బళ్ళు కట్టించుకుని మరీ వెళ్ళివస్తారు. ఇక స్వీడన్ దేశంలో కిరునా అనే ఊరి సంగతి వినండి. ఆ ఊరు భూగోళానికి బాగా ఉత్తరాన, ధ్రువవృత్తానికి ఆవల ఉన్నది. డిసెంబరు నెలలో కొన్ని వారాలపాటు అక్కడ సూర్యుడు ఉదయించడు. సున్నకు దిగువ 20 డిగ్రీలు, ఒక్కొక్కప్పుడు 30 డిగ్రీల చలి కూడా వేస్తుంది. అయినా అక్కడి పెద్దలు పనులకు పోవాలి, పిల్లలు బడికి పోవాలి. రాత్రంతా మంచులో నిలబడిన కారు తెల్లవారగానే కదలాలి.

అటువంటి కారుకు ఎన్ని కష్టాలో చూడండి.

మొదటి కష్టం ఇంజనులోని నూనెది. ఇంజను భాగాలు ఒరుసుకోకుండా వాటి మధ్య నూనె పోస్తారు గదా? చలికి ఆ నూనె ఆముదంలాగా చిక్కబడుతుంది. ఆముదంలో గరిటె తిప్పటం ఎంత కష్టమో, ఆ నూనెలో ఇంజనును తిప్పటమూ అంత కష్టం.

రెండవది బ్యాటరీ కష్టం. బ్యాటరీలో జరిగే రసాయనిక చర్య చలిలో మందగిస్తుంది. గడ్డకట్టే చలిలో దాని బలం సగానికి సగం తగ్గిపోవచ్చు. ఇంజనును తిప్పటానికి ఎక్కువ బలం కావలసిన రోజునే బ్యాటరీకి బలం తక్కువ!

మూడవ కష్టం డీసెలుది. డీసెలులో మైనంవంటి పదార్థం కరిగి ఉంటుంది. చలి ముదిరితే అది పలుకులు పలుకులుగా తేలి వడపోత జల్లెడను మూసివేస్తుంది. సీసాలోని కొబ్బరినూనె కథే ఇది కూడా. దీనికి మందు వేరే ఉంది. చలిదేశాలలో చలికాలంలో పేరుకోని డీసెలును ప్రత్యేకంగా తయారుచేసి అమ్ముతారు. మన దేశంలో కూడా లదాఖ్ కొరకు 2019లో ఇండియన్ ఆయిల్ సంస్థ సున్నకు దిగువ 33 డిగ్రీల వరకు పారే డీసెలును ప్రవేశపెట్టింది.

నాలుగవది అన్నిటికన్నా ముఖ్యం. మీరు సైకిలు టైరుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగుభాగం పట్టుకుని చూశారా? వెచ్చగా ఉంటుంది. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. డీసెలు ఇంజను ఈ సూత్రం మీదనే నడుస్తుంది. అందులో గాలిని ఎంత గట్టిగా నొక్కుతారంటే, దానిమీద డీసెలు చిమ్మగానే అగ్గిపుల్ల అక్కరలేకుండా దానంతట అదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీసెల్ అనే జర్మను ఇంజనీరు 1897లో ఇటువంటి ఇంజనును నడిపి చూపించాడు. అయితే ఇంజను గోడలు మంచుగడ్డలాగా చల్లబడి ఉంటే, నొక్కిన గాలిలో పుట్టిన వేడిని ఆ గోడలే మింగేస్తాయి. డీసెలు అంటుకోదు. అంటుకున్నా సగం కాలి, నల్లటి పొగలో, తెల్లటి పొగలో కక్కుతుంది.

ఈ చిక్కులకు ఉపాయం ఏమిటి? స్టార్టు చేయకముందే ఇంజనును వెచ్చబెట్టాలి.

నీటికి వేడి ఇస్తే ఇంజనుకు ఇచ్చినట్టే

ఇంజను చుట్టూ, దాని ఇనుప గోడల లోపల, సన్నని కాలువలు ఉంటాయి. వాటిలో నీరు తిరుగుతూ ఉంటుంది. ఇంజను నడిచేటప్పుడు ఆ నీరు వేడిని తీసుకుపోయి రేడియేటరు దగ్గర గాలికి అప్పగిస్తుంది. దీనినే కూలెంట్ అంటారు, అనగా చల్లబరిచేది అని. చలిదేశాలలో వట్టి నీరు పోయకూడదు. గడ్డకట్టేటప్పుడు నీరు నూటికి సుమారు 9 వంతులు ఉబ్బి, ఇనుమునైనా పగలగొడుతుంది. అందుచేత గ్లైకాల్ అనే ద్రవాన్ని సగం, నీటిని సగం కలుపుతారు. ఆ మిశ్రమం సున్నకు దిగువ 35 డిగ్రీల చలికి కూడా గడ్డకట్టదు. ఒక హెచ్చరిక: ఈ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది గాని విషం. మెకానిక్కు షాపులో రంగురంగుల కూలెంట్ డబ్బా కనబడితే పిల్లలెవ్వరూ ముట్టరాదు.

ఇంజను నుంచి వేడిని తీసుకుపోయే ఈ నీటినే తిరగేసి ఉపయోగించుకుంటే ఎట్లా ఉంటుంది? నీటిని ముందుగా ఎక్కడో కాచి, ఆ కాలువలలో తిప్పితే, ఇంజను వెచ్చబడుతుంది గదా! చల్లబరిచే నీటితోనే వెచ్చబెట్టటం అన్నమాట.

సరే, నీటిని దేనితో కాచాలి? ‘కారులో బ్యాటరీ ఉందిగా, కరెంటుతో కాచవచ్చు’ అని మీలో చురుకైనవారు అంటారు. పలక తీసుకుని లెక్క వేద్దాం. ఈ పనికి కార్లలో వాడే హీటరు శక్తి సుమారు 5 కిలోవాట్లు, అంటే 5,000 వాట్లు. మామూలు కారు బ్యాటరీలో 12 వోల్టులు, 60 ఆంపియర్-గంటలు అనుకోండి. 12ను 60తో గుణిస్తే 720 వాట్-గంటలు. దానిని 5,000తో భాగించి, 60 నిమిషాలతో గుణిస్తే 9 నిమిషాలకన్న తక్కువే వస్తుంది. తొమ్మిది నిమిషాలలో బ్యాటరీ ఖాళీ! ఇంజను వెచ్చబడేలోగా కారు కదలలేక కూర్చుంటుంది.

ఇంటి గోడలోని ప్లగ్గు నుంచి తీగ లాగి కరెంటుతో వెచ్చబెట్టే పద్ధతి చలిదేశాలలో ఉన్నది. అయితే దారిమధ్య ఆగిన లారీకి ప్లగ్గు ఎక్కడ దొరుకుతుంది? కనుక మిగిలింది ఒకటే దారి. కారు ట్యాంకులో ఉన్న డీసెలునే కొద్దిగా తీసి, చిన్న పొయ్యిలో మండించి, నీళ్ళు కాచాలి. పెట్రోలు కార్లకు పెట్రోలుతో మండే పొయ్యిలు కూడా ఉన్నాయి.

కాని కొంచెం ఆలోచించండి. యజమాని ఇంట్లో దుప్పటి కప్పుకుని నిద్రపోతూ ఉంటాడు. బయట మనిషిలేని కారులో, ఇంధనపు గొట్టం పక్కనే, తెల్లవారుజామున నిప్పు దానంతట అది వెలగాలి! వంటింట్లో పొయ్యి వెలిగించి వీధిలోకి వెళ్ళవద్దని అమ్మ ఎన్నిసార్లు చెబుతుంది! మరి ఈ పొయ్యిని ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? ఆ పొయ్యి భాగాలు ఒక్కొక్కటీ చూస్తే మీకే బోధపడుతుంది.

లోపల నిప్పు, చుట్టూ నీళ్ళు

తాతగారి ఇంట్లో రాగి బాయిలరు చూశారా? నడుమ నిలువుగా ఒక గొట్టం ఉంటుంది. అందులో బొగ్గులో, పుల్లలో వేసి మండిస్తారు. గొట్టం చుట్టూ నీళ్ళుంటాయి. నిప్పు నీళ్ళను తాకదు, నీళ్ళు నిప్పును తాకవు. మధ్యనున్న రాగిరేకు మాత్రం వేడిని అటునుంచి ఇటు చేరవేస్తుంది.

కారులోని హీటరు సరిగ్గా ఆ బాయిలరే, కాకపోతే పడుకోబెట్టిన బాయిలరు. ఇటుకకన్న కొంచెం పెద్దది. బరువు రెండు మూడు కిలోలు. రాగికి బదులు అల్యూమినియంతో పోతపోస్తారు. అల్యూమినియం తేలిక, వేడిని చప్పున అందిస్తుంది. లోపలి గది గోడకు దువ్వెన పళ్ళలాగా రెక్కలు ఉంటాయి. మంట కొసనుంచి వెనక్కు మళ్ళిన వేడిగాలి ఆ రెక్కల సందులలోగా పోతూ తన వేడినంతా వాటికి ఇచ్చేస్తుంది. రెక్కలు ఎందుకు? వేడిగాలి తాకే స్థలం ఎంత ఎక్కువైతే వేడి అంత ఎక్కువగా దిగుతుంది. అందుకే గదా అమ్మ వేడి పాలను గిన్నెలోకన్న పళ్ళెంలో పోసి చల్లారుస్తుంది!

ఈ గది చుట్టూ ఉన్న తొడుగులో నీరు తిరుగుతుంది. తిరగటానికి ఒక చిన్న కరెంటు పంపు ఉంటుంది. ఇంజను ఆగి ఉంది కనుక ఇంజను సొంత పంపు పనిచేయదు. ఈ చిన్న పంపే నీటిని హీటరులోకి, అక్కడినుంచి కారు లోపల వెచ్చగాలి ఇచ్చే చిన్న రేడియేటరులోకి, అక్కడినుంచి ఇంజను కాలువల్లోకి, మళ్ళీ హీటరులోకి చుట్టూ తిప్పుతుంది. నీరు కొంత వెచ్చబడిన తరువాత కారులోని ఫ్యాను తిరిగి అద్దం మీది మంచును కూడా కరిగిస్తుంది.

ద్రవం మండదు, ఆవిరి మండుతుంది

ఇక మంట సంగతి. పంపుస్టవ్వు వెలిగించటం చూసినవారు మీ ఇంట్లో పెద్దవాళ్ళలో ఉంటారు. ప్రైమస్ అనే ఆ పంపుస్టవ్వును 1892లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన ఆ స్వీడన్ దేశంలోనే తయారుచేశాడు. దాన్ని వెలిగించేముందు బర్నరు కింది చిన్న గిన్నెలో స్పిరిటు పోసి మండించేవారు. ఎందుకు? కిరసనాయిలు ద్రవంగా ఉన్నంతసేపూ సరిగా మండదు. బర్నరు వేడెక్కి, లోపలి కిరసనాయిలు ఆవిరిగా మారిన తరువాతనే నీలిమంట వస్తుంది. డీసెలు కూడా అంతే.

అందుచేత హీటరు బర్నరులో లోహపు దారాలతో నేసిన చిన్న చాపవంటిది ఉంటుంది. దాని పక్కనే గ్లో ప్లగ్గు అనే కడ్డీ ఉంటుంది. కరెంటు పారగానే ఆ కడ్డీ కణకణ ఎర్రబడుతుంది. డీసెలు వచ్చి చాపమీద పడి, దీపపు వత్తిలో నూనె పాకినట్టు చాప అంతటా పాకుతుంది. కడ్డీ వేడికి ఆవిరి అవుతుంది. ఆవిరి గాలితో కలిసి అంటుకుంటుంది. ఒకసారి మంట నిలబడ్డాక కడ్డీతో పనిలేదు. మంట వేడికే చాపమీది డీసెలు ఆవిరి అవుతూ ఉంటుంది. అప్పుడు కడ్డీకి కరెంటు ఆపేస్తారు. బ్యాటరీకి అదొక ఊరట.

డీసెలును అందించేది ఒక చిన్న పంపు. దీని గొప్పతనం బలంలో లేదు, కొలతలో ఉంది. మందు సీసామూతతో కొలిచి పోసినట్టు, ఒక్కొక్క దెబ్బకు ఎప్పుడూ ఒకే కొలత డీసెలును ముందుకు తోస్తుంది. ఎక్కువ మంట కావాలంటే త్వరత్వరగా కొడుతుంది, తక్కువ కావాలంటే నెమ్మదిగా కొడుతుంది. చలిదేశాలలో తెల్లవారుజామున నిలబడి ఉన్న కారుకింద నుంచి ‘టిక్కు, టిక్కు’ మని గడియారం చప్పుడు వినిపిస్తే అది ఈ పంపేనని అక్కడి పిల్లలకు తెలుసు. నిండుగా మండేటప్పుడు గంటకు సుమారు ఆరు వందల మిల్లీలీటర్ల డీసెలు ఖర్చవుతుంది. అంటే నిమిషానికి 10 మిల్లీలీటర్లు, రెండు టీచెమ్చాలు మాత్రమే.

రెండు చెమ్చాలతో ఏమవుతుందని తీసిపారేయకండి. 20 డిగ్రీల దగ్గరున్న 10 లీటర్ల బకెట్టు నీళ్ళను ఈ హీటరు అయిదున్నర నిమిషాలలో 60 డిగ్రీలకు కాచగలదు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయటానికి సుమారు 4,186 జౌళ్ళు కావాలి. హీటరు సెకనుకు 5,000 జౌళ్ళు ఇస్తుంది. పై తరగతుల పిల్లలు లెక్క వేసి సరిచూసుకోండి.

మంటకు మూడవ అవసరం గాలి. ఒక లీటరు డీసెలు పూర్తిగా కాలాలంటే సుమారు 10,000 లీటర్ల గాలి కావాలి. వింతగా ఉంది కదూ? అందుకే కమ్మరి కొలిమికి తిత్తి ఉన్నట్టు హీటరుకు ఒక చిన్న ఫ్యాను ఉంటుంది. అది బయటి గాలిని లోపలికి ఊదుతుంది. గాలి తక్కువైతే మసి పడుతుంది. మరీ ఎక్కువైతే మంట ఆరిపోతుంది. కనుక పంపు టిక్కులు పెరిగినప్పుడల్లా ఫ్యాను వేగం పెరగాలి, తగ్గినప్పుడల్లా తగ్గాలి. ఈ రెండూ జోడెద్దుల్లాగా సమానంగా నడవాలి.

అడగనిదే అడుగు వేయని పెద్ద

జోడెద్దులను తోలేది ఎవరు? హీటరు పక్కనే ఉన్న చిన్న పెట్టె. దానిలో ఎలక్ట్రానిక్ మెదడు ఉంటుంది. మనం దాన్ని అదుపుపెట్టె అందాం. దీని స్వభావం మంచి వంటమనిషి స్వభావం. అన్నం ఉడికే ఉంటుందని అనుకుని వార్చడు; ఒక మెతుకు పట్టి చూసిన తరువాతనే వారుస్తాడు.

యజమాని రాత్రి పడుకునే ముందు గడియారం మీట పెట్టి ఉంచుతాడు. ఈ రోజుల్లో అయితే మంచం మీదనుంచే ఫోనులో చెబుతాడు. వేళ కాగానే అదుపుపెట్టె మేలుకుని, నిప్పు వెలిగించక ముందే తన పరివారాన్ని హాజరు పిలుస్తుంది. వేడిని చూసే సెన్సర్లు జవాబు చెబుతున్నాయా? బ్యాటరీలో తగినంత బలం ఉందా? 12 వోల్టుల బ్యాటరీ సుమారు పదిన్నరకు పడిపోయిందంటే హీటరు పని మానేస్తుంది. పొయ్యి వెలిగించి ఇంజను స్టార్టు కాకుండా చేస్తే ఏం లాభం?

అందరూ హాజరైతే నీటిపంపు తిరుగుతుంది. నీరు కదలకుండా నిప్పు పెట్టటం వట్టి గిన్నెను పొయ్యిమీద పెట్టినట్టే. ఫ్యాను మెల్లగా తిరుగుతుంది, గ్లో ప్లగ్గు ఎర్రబడుతుంది. అప్పుడు గాని డీసెలు పంపు టిక్కుమనదు. ఈ వరస తారుమారు కాకూడదు. వేడి లేనిచోట ముందుగా డీసెలు పోస్తే అది మడుగు కట్టి, తరువాత ఒక్కసారిగా భగ్గుమంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: మంట అంటుకుందా లేదా? అదుపుపెట్టెకు కళ్ళు లేవే! దానికి భలే ఉపాయం ఉంది. లోహం వేడెక్కినకొద్దీ కరెంటుకు ఎక్కువ అడ్డు చెబుతుంది. చాలా హీటర్లలో, కరెంటు ఆపిన తరువాత ఆ గ్లో ప్లగ్గునే కాపలాదారుగా వాడుకుంటారు. దానిగుండా కొద్దిగా కరెంటు పంపి, ఎంత అడ్డు చెబుతున్నదో కొలుస్తారు. అడ్డు ఎక్కువగా ఉంటే కడ్డీ వేడిగా ఉన్నట్టు, అనగా మంట ఉన్నట్టు. అడ్డు తగ్గిపోతుంటే మంట ఆరినట్టు. మంట అంటించినవాడే మంటకు కాపలా! కొన్ని హీటర్లలో ఈ పనికి పొగదారిలో వేరే సెన్సరు పెడతారు.

కొద్దిసేపటిలో మంట కనబడకపోతే అదుపుపెట్టె డీసెలు ఆపేస్తుంది. ఫ్యానుతో గదిని ఊదించి, మిగిలిన ఆవిరిని బయటికి తోయించి, మరొక్కసారి ప్రయత్నిస్తుంది. అప్పటికీ కాకపోతే మొండిపట్టు పట్టదు. ‘నా వల్ల కాలేదు’ అని గుర్తు చూపించి ఊరుకుంటుంది. పదేపదే విఫలమైతే తలుపు బిగించుకున్నట్టు పూర్తిగా మూతపడుతుంది. మెకానిక్కు వచ్చి లోపం సరిచేస్తేనే మళ్ళీ తెరుచుకుంటుంది. పిల్లలూ, చేయటం ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆగాలో తెలియటం అంత ముఖ్యం.

మంట నిలబడితే హీటరు నిండుబలంతో మండుతుంది. నీరు వెచ్చబడినకొద్దీ బలం తగ్గించుకుంటుంది. సుమారు 80 డిగ్రీలు దాటగానే మంట ఆపి, నీటిని మాత్రం తిప్పుతూ ఉంటుంది. చల్లబడితే మళ్ళీ వెలిగిస్తుంది. ఒకవేళ నీరు తక్కువై, లేక గొట్టం మూసుకుపోయి, వేడి నూరు డిగ్రీలు దాటి హద్దుమీరితే, అందుకోసమే పెట్టిన మరొక సెన్సరు వెంటనే డీసెలును ఆపిస్తుంది. ఒక కాపలాదారు పొరబడినా రెండవవాడు ఉన్నాడన్నమాట.

ఆపటంలో కూడా తొందర లేదు. మనం మీట నొక్కగానే డీసెలు ఆగుతుంది గాని, ఫ్యానూ నీటిపంపూ రెండు మూడు నిమిషాలు నడుస్తూనే ఉంటాయి. పెళ్ళివంటలు అయిపోగానే వంటవారు గాడిపొయ్యిని అట్లాగే వదిలిపోరు గదా? కట్టెలు లాగి, నిప్పులు ఆర్పి మరీ పోతారు. ఇదీ అంతే. మిగిలిన డీసెలు కాలిపోవాలి, పొగ బయటికి పోవాలి, లోహం చల్లబడాలి. ఈ సమయంలో బ్యాటరీ తీగ పీకేస్తే లోపల మసి పేరుకుంటుంది, నిలిచిన నీరు మరిగిపోతుంది. పెట్రోలు బంకులోకి పోయేముందే హీటరును ఆపివేయాలనే నియమం కూడా ఇందుకే.

ఎవరు చేస్తారు, ఎక్కడ వాడతారు

ఇటువంటి హీటర్లకు జర్మనీ దేశం ప్రసిద్ధి. ఎబర్‌స్పెచర్, వెబాస్టో అనే రెండు పాత సంస్థలు అక్కడివే. 1901లో పుట్టిన వెబాస్టో పేరు తమాషాగా ఉంటుంది. స్థాపించిన విల్హెల్మ్ బాయర్ పేరులో నుంచి, స్టాక్‌డోర్ఫ్ అనే ఊరి పేరులో నుంచి కొన్ని అక్షరాలు ఏరి కూర్చిన పేరు అది. ఇప్పుడు లారీలు, బస్సులు, పడవలు కూడా ఈ పొయ్యిలను మోసుకుపోతున్నాయి. ఇంకొక వింత వినండి. చలిదేశాలలో బ్యాటరీతో నడిచే కొన్ని కరెంటు బస్సులలో కూడా ఈ నూనెపొయ్యిని పెడతారు. ప్రయాణీకులను వెచ్చగా ఉంచటానికే బ్యాటరీ అయిపోతే బస్సు ఎంతో దూరం పోలేదు మరి!

పొయ్యికి తెలియనిది, మనకు తెలియవలసినది

హీటరు మంటను కనిపెడుతుంది, నీటిని కనిపెడుతుంది, బ్యాటరీని కనిపెడుతుంది. కాని ఒక్క సంగతి దానికి తెలియదు. కారు ఆరుబయట ఉన్నదో, తలుపులు మూసిన షెడ్డులో ఉన్నదో దానికి తెలియదు.

దాని గాలి బయటనుంచి వస్తుంది. దాని పొగ సన్నని గొట్టంగుండా బయటికి పోతుంది. ఆ పొగ ఎన్నడూ కారులోని గాలితో కలవదు. అయితే కారే మూసిన షెడ్డులో ఉంటే ఆ ‘బయట’ ఎక్కడ ఉంది? పొగ అక్కడే నిండుతుంది. గాలి చాలక మండే మంటలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తం ప్రాణవాయువును పట్టుకునేదానికన్న 200 రెట్లు గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. రక్తం దానితో నిండిపోతే ప్రాణవాయువుకు చోటుండదు. మొదట తలనొప్పి, తరువాత మగత, ఆ తరువాత మెలకువ రాని నిద్ర. నిద్రలో ఉన్న మనిషికి తనకు ఏదో అవుతున్నదని కూడా తెలియదు. అందుకే ఈ హీటరును మూసిన షెడ్డులో వెలిగించరాదు. గడియారం మీట పెట్టి ఉన్న కారును షెడ్డులో పెట్టరాదు. మంచు కురిసిన రోజున పొగగొట్టం మూతి మంచులో పూడిపోయిందేమో వంగి చూడాలి.

‘మన ఊళ్ళో ఇటువంటి హీటరు లేదుగా!’ అంటారేమో. హీటరు లేదు గాని ఆ విషవాయువు ఉంది. చలికాలపు రాత్రి గది తలుపులు, కిటికీలు బిగించి, బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకునేవారు లేరా? మూసిన షెడ్డులో కారునో, జనరేటరునో నడిపేవారు లేరా? పొగ కనిపించటం లేదు గనుక ప్రమాదం లేదనుకోవటం పొరపాటు. కణకణలాడే బొగ్గు పొగ లేకుండానే ఆ వాయువును వదులుతుంది. కుంపటిని ఆరుబయట పెట్టుకుని చలి కాచుకోండి. పడుకునే గదిలోకి తీసుకుపోకండి. ఎవరికైనా అటువంటి గదిలో తల తిరిగితే వెంటనే తలుపులు తెరిచి, మంచి గాలిలోకి తీసుకుపోయి, డాక్టరును పిలవాలి.

ఈ మాట ఈ రాత్రి మీ ఇంట్లో చిన్నవాళ్ళకూ పెద్దవాళ్ళకూ చెప్పండి. కిరునా ఊరి కారులో ఉన్న అదుపుపెట్టె అడుగడుగునా ‘అయిందా? సరిగా అయిందా?’ అని అడుగుతుంది. మన ఇంటి కుంపటికి అట్లా అడిగే పెట్టె లేదు. అడగవలసినది మనమే.

మీరు ఆలోచించటానికి మూడు ప్రశ్నలు:

1. హీటరు వెలిగేటప్పుడు నీటిపంపు అందరికన్న ముందు ఎందుకు తిరగాలి?

2. మంట ఆపిన తరువాత కూడా ఫ్యాను ఎందుకు తిరుగుతూ ఉండాలి?

3. రాగి బాయిలరుకు అదుపుపెట్టె లేదు. మరి దానిలో నీళ్ళు ఉన్నాయో లేదో, నిప్పు ఎక్కువైందో తక్కువైందో కనిపెట్టినది ఎవరు? మీ అమ్మమ్మగారిని అడిగి తెలుసుకోండి.